పిల్లల్ని అడిగారు సరే, తిరిగి ఏం చెప్పారు?

"ఇంటికెళ్తావా, ఇక్కడే ఉంటావా?"

తల్లిదండ్రులు లేకో, ఉండీ సాకలేకో, ఇంట్లో దెబ్బలు తట్టుకోలేకో బాలల సంక్షేమ కమిటీ ముందుకొచ్చే పిల్లలు వినే ప్రశ్న ఇది. అడిగేవాళ్ల ఉద్దేశం మంచిదే, పిల్ల మనసులో ఏముందో తెలుసుకుందామనే అడుగుతారు. చిక్కల్లా ప్రశ్నలోనే ఉంది. ఇల్లంటే ఎవరిల్లు, అందులో ఇప్పుడు ఎవరున్నారు, ఇక్కడ అంటే ఎన్నాళ్లు, బడి మారుతుందా, తమ్ముడు కూడా వస్తాడా? ఇవేమీ చెప్పకుండా రెండిట్లో ఒకటి తేల్చుకోమంటే పిల్ల చెప్పేది అభిప్రాయం కాదు, గెస్. చాలామంది తల వంచుకుని ఊరుకుంటారు. కొందరు అడిగినవాళ్ల మొహం చూసి, వాళ్లకేది నచ్చుతుందో అదే చెప్తారు.

పిల్లల మాట వినాలని మన చట్టంలో లేక ఇలా జరగడం లేదు. ఉంది, గట్టిగానే ఉంది. 2015లో చేసి, 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాలల న్యాయ చట్టం మూడో సెక్షన్‌లో పదహారు మూల సూత్రాలున్నాయి. వాటిలో మూడోది పిల్లల భాగస్వామ్యం. తనకు సంబంధించిన ప్రతి ప్రక్రియలో, ప్రతి నిర్ణయంలో తన మాట వినిపించుకునే హక్కు పిల్లకు ఉందని, ఆ మాటకు వయసునూ పరిణతినీ బట్టి విలువ ఇవ్వాలని అది చెబుతుంది. దీనికి మూలం ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక. అందులో పన్నెండో అధికరణం ఇదే మాట అంటుంది. 1992 డిసెంబరులో మన దేశం ఆ ఒడంబడికలో చేరింది. అంటే కాగితం మీద ఈ హక్కుకు ముప్పయ్యేళ్లు దాటాయి. ఆ హక్కు కాగితం దిగి పిల్ల దాకా వచ్చే దారిలో ఎక్కడెక్కడ ఆగిపోతోందన్నదే ఇక్కడి విషయం.

ముందు ఎవరేం నిర్ణయిస్తారో తెలియాలి. ఇలాంటి పిల్లల్ని ఉంచి సాకే హోమ్ సూపరింటెండెంటో, అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్ ప్రాజెక్టు డైరెక్టరో పిల్లల్ని ఎక్కడుంచాలో నిర్ణయిస్తారని ఊళ్లో అనుకుంటారు. కాదు. ఆ అధికారం జిల్లాలో ఉండే బాలల సంక్షేమ కమిటీది. మామూలుగా సీడబ్ల్యూసీ అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. వాళ్లలో కనీసం ఒక మహిళ, పిల్లల విషయాల్లో నిపుణులైనవారు ఒకరు ఉండాలి. ఈ కమిటీకి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలు ఉంటాయి. నెలకు కనీసం ఇరవై రోజులు కూర్చోవాలి. పోలీసులు తెచ్చినా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరో ఫోన్ చేస్తే వచ్చినా, అంగన్‌వాడీ టీచర్ వెంటబెట్టుకొచ్చినా, ప్రయాణ సమయం పోను ఇరవై నాలుగు గంటల్లో పిల్లను కమిటీ ముందుంచాలి. పదిహేను రోజుల్లో సామాజిక విచారణ నివేదిక రావాలి. నాలుగు నెలల్లో తుది ఉత్తర్వు ఇవ్వాలి. ఆ నివేదిక కోసం ఇల్లూ వాకిలీ చూసొచ్చే పని చాలావరకు జిల్లా బాలల పరిరక్షణ విభాగం సిబ్బందిది. రోజూ తిండి, బడి, ఆట, చూడటానికి ఎవరు రావచ్చన్నది హోమ్ చూసుకుంటుంది. దత్తత ఉత్తర్వు 2022 సెప్టెంబరు నుంచి కలెక్టర్ ఇస్తున్నారు. తల్లీ తండ్రీ విడిపోయి పిల్ల ఎవరి దగ్గరుండాలని కొట్లాడుకుంటే అది కోర్టు పని, దాని చట్టాలు వేరు.

ఇన్ని చేతులు మారే వ్యవహారంలో పిల్ల ఒకచోట చెప్పిన మాట ఇంకోచోటికి చేరుతుందన్న భరోసా లేదు. మన ఉత్తరాంధ్రలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సీతంపేట, పాలకొండ శ్రీకాకుళం నుంచి, పార్వతీపురం విజయనగరం నుంచి మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. కుటుంబం ఒక జిల్లాలో, పిల్ల ఉన్న హోమ్ ఇంకో జిల్లాలో ఉంటే ఫైలు రెండు కమిటీల మధ్య తిరగాలి. ఫైలుతో పాటు పిల్ల మాట కూడా వెళ్లాలంటే అది ముందు ఫైల్లో సరిగ్గా ఉండాలి కదా.

మాట ఎలా జారిపోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. కల్పిత ఉదాహరణే. నిజం పిల్లల వివరాలు బయటపెడితే చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ శిక్ష ఉండాల్సిందే కూడా.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ఊరు. పదకొండేళ్ల పిల్ల, ఆరేళ్ల తమ్ముడు. తండ్రి కిడ్నీ జబ్బుతో పోయాడు. తల్లి చెన్నై వైపు బిల్డింగు పనికి వెళ్లింది, నాలుగు నెలలుగా ఫోన్ లేదు. మామ్మ దగ్గర ఉంటున్నారు. మామ్మకు చూపు ఆనదు. పిల్ల బడి మానేసి జీడిపప్పు పనికి వెళ్తోందని ఎవరో 1098కి చెప్పారు. కమిటీ ముందు కూర్చోబెట్టి, "హోమ్‌లో ఉంటావా అమ్మా, చదువుకుంటావు, మూడు పూటలా అన్నం పెడతారు" అన్నారు. పిల్ల అంది: "మామ్మకి కళ్లు కనబడవండి. తమ్ముడికి అన్నం ఎవులెడతారు? ఆడ్ని ఒగ్గేసి నానెక్కడికీ రానండి."

ఫైల్లోకి ఎక్కేది ఇలా ఉంటుంది: "బాలిక తన కుటుంబ పరిస్థితుల దృష్ట్యా సంరక్షణ గృహంలో చేరుటకు ప్రస్తుతం సుముఖత వ్యక్తపరచలేదు. కౌన్సెలింగ్ అవసరము."

రాసినవాళ్లు అబద్ధం రాయలేదు. కానీ ఆ రాతలోంచి తమ్ముడు జారిపోయాడు, మామ్మ చూపు జారిపోయింది, అన్నం జారిపోయింది. నాలుగు నెలల తర్వాత ఈ వాక్యం చదివే అధికారికి కనిపించేది మొండికేసిన పిల్ల. ఆ పిల్ల నిజానికి మూడు సమాచారాలు ఇచ్చింది: ఇంట్లో పెద్దదిక్కు ఎవరినీ చూసుకోగల స్థితిలో లేదు, చిన్నవాడి ఆలనా పాలనా ఈ పిల్లే చూస్తోంది, వాడితో కలిపి ఆలోచిస్తే వినడానికి సిద్ధంగా ఉంది. ఇంటికెళ్లి విచారణ చేసే ఉద్యోగికి ఒక పూటలో తెలియని సంగతులు మూడు వాక్యాల్లో చెప్పేసింది.

పిల్లల మాట వినడం అనగానే అదేదో వాళ్ల కోరిక తీర్చడం అనుకుంటాం. కోరిక కంటే విలువైనది దాని వెనకున్న కారణం. "నాను రాను" అన్నది కోరిక. "ఆడికి అన్నం ఎవులెడతారు" అన్నది కారణం. కారణం తెలిస్తే దారులు మారతాయి. ఈ ఇంటికి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్, అంటే పిల్ల ఇంట్లోనే పెరగడానికి ఇచ్చే డబ్బు సాయం, వర్తిస్తుందేమో చూడొచ్చు. భర్త పోయిన తల్లుల పిల్లలు, బంధువుల దగ్గర పెరుగుతున్న అనాథలు, ప్రాణాంతకమైన జబ్బున్న తల్లిదండ్రుల పిల్లలు ఇందులోకి వస్తారు. పల్లెల్లో ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు మించని ఆదాయం ఉండాలి. పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. ఊళ్లోనే బాబాయో, మేనత్తో ఇద్దర్నీ పెట్టుకోగలరా అని వాకబు చేయొచ్చు. ఏ దారీ కుదరక హోమ్‌కే పంపాల్సి వస్తే ఇద్దరూ ఒకే పట్టణంలో ఉండేలా, వారానికోసారి చూసుకునేలా ఉత్తర్వులోనే రాయొచ్చు. అమ్మాయిల హోమ్ వేరు, అబ్బాయిల హోమ్ వేరు కావడంతో అక్కాతమ్ముళ్లు విడిపోవడం మామూలు విషయమైపోయింది. తోబుట్టువుల్ని వీలైనంత వరకు కలిపే ఉంచాలని చట్టం ఫోస్టర్ కేర్ (పిల్లను వేరే కుటుంబంలో ఉంచి సాకడం) గురించి చెప్పినచోట స్పష్టంగా ఉంది. హోమ్‌ల విషయంలోనూ అదే బుద్ధి ఉండాలి కదా.

ఇక్కడ ఒక అపోహ తీరాలి. మాట వినిపించుకునే హక్కు ఉందంటే చివరి మాట పిల్లదే అని కాదు. మూడో సెక్షన్‌లో భాగస్వామ్యం పక్కనే నాలుగో సూత్రంగా పిల్ల శ్రేయస్సు ఉంది. ఏ నిర్ణయానికైనా అదే ప్రాథమికం. 37వ సెక్షన్ తుది ఉత్తర్వు గురించి చెబుతూ, అభిప్రాయం ఏర్పరచుకోగల పరిణతి పిల్లకు ఉంటే ఆ కోరికను కమిటీ పరిగణనలోకి తీసుకోవాలంటుంది. పరిగణించడం వేరు, పాటించడం వేరు. అందుకని పరిగణించామని ఒక్క ముక్క రాసేస్తే సరిపోతుందా అంటే, అదీ సరిపోదు. ఎలా పరిగణించారో, ఎందుకు కాదన్నారో కారణం రాయకపోతే పరిగణించినట్టు ఎవరికి తెలుస్తుంది?

వయసు సంగతి కూడా గందరగోళమే. ఫలానా వయసు దాటితేనే అడగాలని మూడో సెక్షన్ అనదు. ఒడంబడికా అనదు. దానికి 2009లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ ఇచ్చిన వివరణ వయసు హద్దు పెట్టొద్దనే చెప్పింది. చెప్పడం పిల్లల హక్కు, బాధ్యత కాదు, ఇష్టం లేకపోతే చెప్పకపోవచ్చనీ అంది. బంధువులే దత్తత తీసుకునే సందర్భంలో అయిదేళ్లు నిండిన పిల్ల సమ్మతి తీసుకోవాలని దత్తత నిబంధనలు చెబుతాయి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కూడా తెలివిగా ఎంచుకోగల వయసుంటే పిల్ల ఇష్టాన్ని కోర్టు చూడొచ్చంది. అంటే బ్రిటిష్ కాలంలోనే తలుపు కాస్త తెరిచారు. మూడేళ్ల పిల్లను ప్రశ్న వేసి జవాబు రాబట్టలేం నిజమే. ఎవరొస్తే ఎదురెళ్తోంది, ఎవరొస్తే మంచం కిందకు దూరుతోంది, ఎవరు చూసి వెళ్లిన రాత్రి పక్క తడుపుతోంది? ఇవి హోమ్‌లో ఆయాకు తెలుస్తాయి. ఆయాను అడిగేవాళ్లు ఉండాలి.

ఇంట్లో లైంగిక వేధింపు జరిగిన కేసుల్లో పిల్ల మాట, పిల్ల శ్రేయస్సు అనే రెండు సూత్రాలూ ఢీకొంటాయి. నిందితుడు అదే ఇంట్లో ఉంటే పిల్లను అక్కణ్నుంచి తీసెయ్యాలా వద్దా అన్నది సీడబ్ల్యూసీ మూడు రోజుల్లో తేల్చాలని పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద 2020లో చేసిన నిబంధనలు చెబుతాయి. అప్పుడు చూడాల్సిన వాటిలో పిల్ల అభిప్రాయం కూడా ఒకటి. పిల్ల "ఇంటికే ఎల్తాను" అనొచ్చు. అంటే జరిగింది ఫర్వాలేదని కాదు, ఆ ఇంట్లో చెల్లి ఉందనో, తల్లిని ఒంటరిగా వదలలేననో, ఊళ్లో ఏమంటారో అన్న భయమో కావొచ్చు. ఇక్కడా పని కారణం వెతకడమే. చెల్లి గురించి భయమైతే కమిటీ చూడాల్సింది చెల్లి సంగతి కూడా. "నువ్వు చెప్పినట్టు ఇంటికి పంపలేం, ఎందుకంటే అక్కడ నీకు మళ్లీ హాని జరగొచ్చు. నీ చెల్లిని మాత్రం రేపే వెళ్లి చూసొస్తాం" అని చెప్పగలిగితే కాదనడంలో కూడా వినడం ఉంటుంది.

"పిల్లలకేం తెలుసండీ, ఎవరు చాక్లెట్ కొనిస్తే వాళ్ల వైపు మాట్లాడతారు" అనే వాదన ఈ ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు తరచుగా వింటారు. కొట్టిపారేసే వాదన కాదు. బంధువులు దారిలో పాఠం చెప్పి తెచ్చిన పిల్లలు ఉంటారు. కానీ దానికి మందు పిల్లను అడగడం మానేయడం కాదు, బంధువుల్ని బయట కూర్చోబెట్టి అడగడం, ఒక్కరోజులో తేల్చకుండా రెండో మారు, మూడో మారు అడగడం. బాలల న్యాయ చట్టం కింద కేంద్రం చేసిన మోడల్ రూల్స్ కమిటీకి ఎత్తైన వేదిక ఉండకూడదని, పిల్లకూ సభ్యులకూ మధ్య బోనుల్లాంటి అడ్డు ఉండకూడదని ఊరికే రాయలేదు. కోర్టులో సాక్షిని ప్రశ్నించినట్టు అడిగితే పెద్దవాళ్లే తడబడతారు. కమిటీ సభ్యులు నెలకు కనీసం రెండుసార్లు హోమ్‌లకు తనిఖీకి వెళ్లాలని చట్టం చెబుతోంది. అరుగు మీద కూర్చుని పిల్లలతో మాట్లాడటానికి అంతకంటే మంచి అదును ఏముంటుంది? తనిఖీ అంటే బియ్యం స్టాకు, బాత్రూముల నీళ్లు చూడటం ఒక్కటే అయిపోతే ఆ అదును పోయినట్టే.

భాష విషయంలో శ్రీకాకుళం, మన్యం జిల్లాల పక్షాన గట్టిగా మాట్లాడాల్సి ఉంది. ఇచ్ఛాపురం, మందస వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. సీతంపేట, పార్వతీపురం కొండల్లో సవర, కువి మాట్లాడే పిల్లలున్నారు. వీళ్లను కమిటీ ముందుకు తెచ్చినప్పుడు దుబాసీగా కూర్చునేది చాలాసార్లు పిల్లను తీసుకొచ్చిన బంధువే. పిల్లను తన దగ్గరే ఉంచుకోవాలనో, వదిలించుకోవాలనో ఆ బంధువుకు సొంత ఆలోచన ఉండొచ్చు. తన సంగతి తేలే చోట తానే అనువాదకుడు. ఇది తప్పని అందరికీ తెలుసు, వేరే మనిషి దొరకడం లేదని సర్దుకుపోతారు. లైంగిక నేరాల కేసుల్లో పిల్ల సాక్ష్యం తీసుకునేటప్పుడు అవసరమైతే కోర్టు ఫీజిచ్చి అర్హులైన అనువాదకుల్ని పెట్టుకోవచ్చని పోక్సో చట్టం 38వ సెక్షన్ చెబుతుంది. మామూలు సంరక్షణ కేసులకూ అదే పద్ధతి కావాలి. సవర మాట్లాడే టీచర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు మన్యంలో లేకపోలేదు. ఫోన్ నంబర్లతో ఒక జాబితా జిల్లా విభాగం గోడ మీద ఉంటే సగం సమస్య తీరుతుంది.

గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది శ్రీకాకుళం పక్కన పర్వతాలపేటలో. సవర పిల్లలకు చదువు సవరలోనే చెప్పాలని ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టినాయన. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడింది కూడా ఆయనే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపి ఉపన్యాసాలిచ్చే మన ఆఫీసుల్లో ఫైళ్లు మాత్రం ఇంకా "సుముఖత వ్యక్తపరచనైనది" దగ్గరే ఉన్నాయి. పదకొండేళ్ల పిల్ల ఆ మాట ఏ జన్మలోనూ అనదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. విచారణ నివేదికలో, అంటే ఫారం 22లో, పిల్ల అన్నది పిల్ల మాటల్లోనే కొటేషన్‌లో రాయడం, అధికారి అభిప్రాయం కింద వేరే పేరాలో రాయడం, రాసింది పిల్లకు చదివి వినిపించి "ఇలాగే కదా అన్నావు?" అని అడగడం చాలు. ఫారం 7 పేరుతో ఉండే వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికలో పిల్ల ఏం ఆశిస్తోందో రాయడానికి గడి కూడా ఉంది. ఆ గడిలో అందరికీ "బాగా చదువుకోవాలి" అని ఒకే మాట కనిపిస్తే అది పిల్లలు చెప్పింది కాదని పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఉత్తర్వు అయిపోయాక హోమ్‌లో రోజువారీ బతుకు మొదలవుతుంది. పిల్లకు అసలు ముఖ్యమైన నిర్ణయాలు అక్కడే ఉంటాయి: ఏ బడి, ఏ మీడియం, పండక్కి ఎవరింటికి, ఫోన్ ఎప్పుడు, జుట్టు కత్తిరించాలా వద్దా. ఆరేళ్లు దాటిన పిల్లలున్న ప్రతి సంస్థలో బాలల కమిటీలు ఉండాలని బాలల న్యాయ చట్టం 53వ సెక్షన్ చెబుతోంది. మోడల్ రూల్స్ ప్రకారం 6–10, 11–15, 16–18 వయసులకు వేర్వేరుగా, పూర్తిగా పిల్లలతోనే ఉండాలి. నెలనెలా కూర్చోవాలి, రిజిస్టర్ రాయాలి. తిండి పట్టిక, దినచర్య దగ్గర్నుంచి సిబ్బందో తోటి పిల్లలో వేధిస్తే చెప్పడం దాకా వాళ్ల పరిధిలోనివే. ప్రతి నెలా "భోజనం బాగున్నదని పిల్లలు తెలిపారు" అనే ఒకే వాక్యం, ఒకే చేతిరాతలో ఉన్న రిజిస్టర్ కనిపిస్తే ఆ కమిటీ కూర్చోలేదని అర్థం. నాకు తెలిసి ఏ హాస్టల్లోనూ పిల్లలు వరసగా ఆరు నెలలు సాంబారును మెచ్చుకోరు.

సలహాల పెట్టె సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నిబంధన రాసినవాళ్లకు పిల్లల భయం బాగా తెలుసనిపిస్తుంది. పెట్టె ఆఫీసు గదికి దూరంగా, పిల్లలు పడుకునే గదులకు దగ్గరగా ఉండాలి. తాళంచెవి సూపరింటెండెంట్ దగ్గర కాదు, నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గర, అంటే జిల్లా బాలల పరిరక్షణ అధికారి దగ్గర ఉండాలి. వారానికోసారి, బాలల కమిటీ సభ్యుల ఎదుటే తెరవాలి. ఆచరణలో పెట్టె ఎక్కడ కనిపిస్తుంది? వచ్చిన అతిథులకు కనబడాలని ముందు వరండాలో, ఆఫీసు కిటికీ ఎదురుగా, ఒక్కోసారి సీసీ కెమెరా కింద. తాళం మీద దుమ్ము పేరుకుని ఉంటే లోపల ఏముందో ఊహించుకోవచ్చు. ఇంకో చిక్కు గురించి నిబంధన కూడా ఆలోచించలేదు: పాతికమంది పిల్లలున్న చోట ఎవరి చేతిరాత ఎవరిదో అందరికీ తెలుసు. పేరు రాయకపోయినా దొరికిపోతారు. బయటివాళ్లు, నమ్మకమున్నవాళ్లు నెలకోసారి వచ్చి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడితే తప్ప పెట్టె ఒక్కటే ఈ పని చేయలేదు. ఇంగ్లండ్‌లో సంరక్షణలో ఉన్న ప్రతి పిల్లకూ కేసు సమీక్షించే అధికారి ఒకరు ఉంటారు. పిల్ల కేసు రోజూ చూసే బృందంలో మనిషి కాదు. సమీక్షకు ముందు పిల్లతో మాట్లాడటం ఆ అధికారి విధి. మన దగ్గర అంత వ్యవస్థ లేదు. జిల్లా తనిఖీ కమిటీలు మూడు నెలలకోసారి, కనీసం ముగ్గురు, అందులో ఒక మహిళ, ఒక డాక్టరు కలిసి వెళ్లాలన్న 54వ సెక్షన్ ఉంది. ఆ మహిళో, డాక్టరో పిల్లలతో విడిగా అరగంట గడిపితే అది మనకు అందుబాటులో ఉన్న దారి.

ఇంటికి పంపడం కూడా నిర్ణయమే. హోమ్‌లో చేర్చేటప్పుడు అడిగినంతగా ఇంటికి పంపేటప్పుడు అడగం, ఇల్లంటే ఎవరికి చేదు అనుకుంటాం. కోవిడ్ ఏడాది దేశమంతా అదే జరిగింది. హోమ్‌లలో ఉన్న 2,27,518 మంది పిల్లల్లో 1,45,788 మందిని ఇళ్లకు పంపారని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు లెక్కలొచ్చాయి. వాళ్ల చదువుకు నెలకు రెండేసి వేలు ఇవ్వమని కోర్టు ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, పిల్లల్ని వంద రోజుల్లో కుటుంబాలకు చేర్చే పని పూర్తి చేయమని రాసింది. కుటుంబమే మేలన్న సూత్రం సరైనదే, హోమ్ ఆఖరి దారి కావాలనే చట్టమూ అంటుంది. కానీ గడువు పెట్టుకుని చేసే పనిలో ఒక్కో పిల్లనూ కూర్చోబెట్టి "నువ్వు ఎందుకు వచ్చావో ఆ సంగతి ఇంట్లో ఇప్పుడు తీరిందా?" అని అడిగే తీరిక ఎక్కడుంటుంది? తాగి కొట్టే తండ్రి లాక్‌డౌన్‌లో పని లేక ఇంట్లోనే ఉంటే ఆ ఇల్లు మేలెలా అవుతుంది?

ఈ చట్రంలోకి రాని పిల్లల సంఖ్య మన ప్రాంతంలో ఎక్కువ. వలస వెళ్లిన తల్లిదండ్రులు పిల్లల్ని సంక్షేమ హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో చేర్చి వెళ్తారు. హైదరాబాద్, చెన్నై, గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి సంక్రాంతికి తిరిగొస్తారు. ఏడాదిలో పది నెలలు ఆ పిల్లల్ని సాకేది వార్డెనే. ఉండేది సంరక్షణలోనే అయినా ఆ సంస్థలు నడిచేది విద్యా, సంక్షేమ శాఖల కింద. బాలల కమిటీ, తాళంచెవి, సంరక్షణ ప్రణాళిక వంటి నిబంధనలు రాసింది హోమ్‌ల కోసం. జ్వరమొచ్చిన పిల్లను ఇంటికి పంపాలా ఆసుపత్రికా, కొండ మీది ఊరి నుంచి వచ్చిన పిల్ల మధ్యలో మానేస్తానంటే ఎవరు కూర్చుని వినాలి? ఆశ్రమ పాఠశాల నుంచి రాత్రికి రాత్రి నడిచి ఇంటికి వెళ్లిపోయే పిల్లలు ఉంటారు. వాళ్లు తమ అభిప్రాయాన్ని కాళ్లతో చెప్తున్నారు. వెతికి పట్టి తెచ్చాక ఎందుకు వెళ్లావని తిట్టడానికి కాకుండా తెలుసుకోవడానికి అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అడగడం, సరిగ్గా రాయడం అయ్యాక మూడో మెట్టు ఉంది. ఎక్కువగా జారేది అక్కడే. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ లారా లండీ 2007లో ఒక సంగతి తేల్చి చెప్పారు: పిల్లలకు గొంతు ఇవ్వడం ఒక్కటే చాలదు, చెప్పుకునే చోటు, వినే మనిషి, ఆ మాటకు తగిన ప్రభావం కూడా ఉండాలి. ప్రభావం ఉందో లేదో పిల్లకు తెలియాలంటే ఎవరో ఒకరు తిరిగి వచ్చి చెప్పాలి. మన ఉత్తర్వుల కాపీలు హోమ్‌కు వెళ్తాయి, పోలీసులకు వెళ్తాయి, విభాగానికి వెళ్తాయి. పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పే బాధ్యత ఎవరిదన్నది మాత్రం గాల్లో ఉంటుంది. నువ్వు ఫలానాది అడిగావు, ఇంతవరకు ఒప్పుకున్నాం, ఇది ఒప్పుకోలేదు, కారణం ఇది, మళ్లీ ఫలానా నెలలో అడుగుతాం. ఈ అయిదు ముక్కలు కమిటీ సభ్యుల్లో ఒకరు పిల్లకు ఎదురుగా చెప్పి, చెప్పినట్టు ఫైల్లో తేదీతో రాస్తే చాలా మారుతుంది. అడిగి, తిరిగి ఏమీ చెప్పకపోతే రెండోసారి పిల్ల నోరు విప్పదు. అసలు అడగని పిల్ల కంటే అడిగి వదిలేసిన పిల్ల ఎక్కువ మూసుకుపోతుంది.

నిర్ణయం నచ్చకపోతే పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? చట్టంలో జవాబు ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. కమిటీ పనితీరుపై ఫిర్యాదులు వినేది జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. 2015 చట్టంలో పిల్లతో సంబంధమున్న ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చని ఉండేది. 2021 సవరణ అందులోకి బాధిత పిల్లనూ నేరుగా చేర్చింది. కలెక్టర్ ఇరుపక్షాలనూ విని ఉత్తర్వు ఇవ్వాలి. హోమ్‌లో ఉన్న పిల్ల సోమవారం గ్రీవెన్స్‌కి అర్జీ పట్టుకుని క్యూలో నిలబడలేదు కదా. ఆ అర్జీ పిల్ల మాటల్లో రాసి పెట్టగల టీచరో, మేనమామో, పారాలీగల్ వలంటీరో ఉండాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పిల్లలకు ఉచితంగా లాయర్ని ఇస్తారు. హోమ్ గోడ మీద 1098 నంబరు పక్కన ఈ రెండు సంగతులు కూడా పెద్దక్షరాల్లో రాసి ఉంచాలి, అదీ పిల్లలు పడుకునే గదుల వైపు.

పద్దెనిమిదేళ్లు దగ్గరపడ్డవాళ్ల మాట ఇంకా అర్జెంటు. హోమ్ వదిలాక 21 ఏళ్ల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 23 వరకు ఆఫ్టర్ కేర్ సాయం ఇచ్చే వీలుంది. ఆ ప్రణాళిక 17 ఏళ్లకే పిల్లతో కూర్చుని వేయాలి. ఐటీఐయా డిగ్రీయా అన్నది ఒక్కటే కాదు ప్రశ్న. కుల ధ్రువీకరణ పత్రం ఎవరి పేరు మీద తీయాలి, బ్యాంకు ఖాతాలో సంరక్షకుడిగా ఉన్న మనిషిని ఉంచాలా మార్చాలా, ఆధార్‌లో ఏ ఊరు పెట్టాలి, సొంత ఊరికి వెళ్లాలా విశాఖ వెళ్లాలా? పదిహేడేళ్ల పిల్లకు వీటి మీద స్పష్టమైన ఆలోచనలుంటాయి. సర్టిఫికెట్ కోసం ఏ బంధువు గడప తొక్కాలో, ఏ గడప తొక్కకూడదో సూపరింటెండెంట్ కంటే ఆ పిల్లకే బాగా తెలుసు.